సామ కొత్త అయ్యేదాకా

పోయిన నెలలో అరకులోని ఒక హోటలు హాల్లో, పీహెచ్‌డీ విద్యార్థులకు కొత్తగా గైడ్లయిన లెక్చరర్లకు శిక్షణ పెట్టి, రిటైరయిన నన్ను కూడా ఒక పూట వచ్చి మాట్లాడమన్నారు. ఏసీ గది, గోడ మీద రంగురంగుల స్లైడ్లు, సెల్‌ఫోన్‌తో స్కాన్ చేస్తే హాజరు పడిపోవడం, మధ్యమధ్యలో కాఫీ, చివర సర్టిఫికెట్టు. వెక్కిరించడానికి చెప్పడం లేదు సుమా, బాగానే ఉంది. మన కాలంలో ఈ మాత్రం కూడా ఎక్కడిది? పీహెచ్‌డీ పట్టా చేతికొస్తే ఇంకొకరి చేత పీహెచ్‌డీ చేయించడమూ వచ్చేసినట్టే అనుకునేవారు. నా ప్రసంగం అయ్యాక ఒక లెక్చరరు లేచి, స్కాలరు పని చేయదు, ఎందుకు చేయలేదో చెప్పదు, ఏమడిగినా అలాగే మేడమ్ అంటుంది, ఏం చేయమంటారని అడిగింది. గడువు పెట్టి మెయిల్ ఇవ్వాలని స్లైడులో ఉంది. నాకు మాత్రం డుంబ్రిగుడ దగ్గరి ఒక ఊరూ, నా మొదటి శిష్యురాలూ కళ్ళ ముందుకొచ్చేశారు. అక్కడ టైము చాలక చెప్పలేకపోయిన ఆ సంగతి, నా ఈడు వాళ్ళయిన మీకైనా తీరిగ్గా చెప్పుకుంటాను.

నాకు గైడుగా ఉండడం నేర్పింది ఒకే ఒక్కరు, నాకు పీహెచ్‌డీ చేయించిన మా మాస్టారు. ఎవరు కొత్తగా గైడయినా సరే, ఆయన వాళ్ళను ఒక ఆదివారం పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కించి అరకు తీసుకుపోయేవారు. ఆరాధనకి రాకుండా ఈ తిరుగుళ్ళేమిటని, మిషన్ స్కూల్లో టీచరయిన మా అమ్మ నా మీద సణిగేది. రైలు సొరంగంలో దూరినప్పుడు బోగీలో పిల్లలంతా కేకలు పెట్టేవారు, ఈయనకి అవేవీ పట్టేవి కావు, ఆ చీకట్లోనూ పాఠం చెబుతూనే ఉండేవారు. ఆయన పాఠాల్లో ముఖ్యమైనది ఏమిటంటే, గైడన్నవాడు స్కాలరు ఇంటికి ఒక్కసారైనా వెళ్ళాలి, పెట్టింది తినాలి, తనంతట తాను థీసిస్ మాట ఎత్తకూడదు. ఈయనకి భోజనం మీద యావ ఎక్కువని మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

నా శిష్యురాలిది ఆ కొండల్లోని ఊరే, అక్కడి నుంచి రీసెర్చికి వచ్చిన మొదటి మనిషి ఆ అమ్మాయి. కొండచేలల్లో పండే సామల రకాల మీద పని. మీ ఊరే కదా, నీకేం కష్టం అని డిపార్టుమెంటులో అందరూ అనేవారు. సొంత ఊరి చేలల్లోంచి పండిన కంకులు కోసుకొచ్చి, రకాలు విడదీసి, రివ్యూ కమిటీకి చూపించాలి. చూపించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని మా హెడ్డు గారు ముందే చెప్పేశారు. ఆ పిల్ల ఊరికి వెళ్ళేది, ఉత్త చేతులతో తిరిగొచ్చేది, మళ్ళీ వెళ్ళమంటే తల ఊపేది. చివరికి ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి, "మానేత్తానండి మేడమ్. ఊళ్ళోనే ఏదో పని సూసుకుంటాను" అంది. కారణం అడిగితే కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయింది. అంత కష్టపడి అంత దూరం వచ్చిన పిల్లని అలా వెనక్కి పోనివ్వడానికి నాకు మనసొప్పలేదు.

అప్పుడు మాస్టారి పాఠం గుర్తొచ్చింది. సంత రోజున డుంబ్రిగుడ దాకా బస్సులో వెళ్ళి, సంతకొచ్చిన జీపొకటి పట్టుకుని, తిరిగెళ్ళే ఆడవాళ్ళ బుట్టల మధ్య ఒదిగి కూర్చుని, ఆ పిల్లతో కలిసి వాళ్ళ ఊరు చేరాను. వాళ్ళమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, దుంపలు ఉడకబెట్టినవి పెట్టింది. తిన్నాను, అరుగు మీద కూర్చున్నాను, వానల గురించీ పశువుల గురించీ మాట్లాడాను, చదువు ఊసే ఎత్తలేదు. ఎదురుగా చేనంతా పండిపోయి ఉంది, లేచి చెయ్యి చాపితే కంకి అందేటంత దగ్గర. నాకు లోపల ఒళ్ళు మండుతోంది, ఇంత పంట ఇంటి ముందు పెట్టుకుని ఉత్త చేతులతో రావడమేమిటని. నేనేమీ అడక్కపోయేసరికి వాళ్ళ నాన్నే మొదలుపెట్టాడు.

"కొత్త సెయ్యకుండా కంకి కొయ్యకూడదమ్మా. ఇదివరకు సదువుకున్నోలొచ్చి కోసుకెల్లిపోయారు, తెలీనోలు కదాని ఊరుకున్నాం. మా గుంటే, మా కూతురే సేత్తే ఊరు ఊరుకోదు."

సామలు పండినా, ఊరి పూజారి రోజు పెట్టి, ఆ పూటకి సరిపడా తనే కోసి, దేవతకు నైవేద్యం చేసి, ఊరంతా కలిసి మొదటి ముద్ద తినేదాకా ఇంకెవరూ చేను ముట్టుకోరు. దాన్నే కొత్త చేయడం అంటారు. ఆ ఏడు వానలు ఆలస్యమై పండగ వెనక్కి జరిగింది, మా కమిటీయేమో దానికి ముందే పడింది. బయటివాళ్ళకు లేని కట్టుబాటు ఆ పిల్లకుంది, అదే మాకెవరికీ తట్టలేదు. సొంత ఊరు కాబట్టి సులువనుకున్నాం, సొంత ఊరు కాబట్టే ఆ పిల్ల చెయ్యి చాపలేకపోయింది. ఆ సంగతి మాకు చెబితే నమ్మకాలు పట్టుకుని వేలాడుతోందని నవ్వుతామేమోనని భయం. ఊళ్ళో అడిగితే తప్పు, మా దగ్గర చెబితే నామోషీ.

ఇంతలో వాళ్ళ నాన్నే కొడవలి తెచ్చి నా పక్కన పెట్టి, "మీరు కోసుకోండమ్మా. మీకు తప్పు నేదు" అన్నాడు. కూతురి చదువు పోతుందని ఆయనకీ బెంగే మరి. నిజం చెప్పొద్దూ, చెయ్యి కొడవలి దాకా వెళ్ళింది. నాలుగు గుప్పెళ్ళు కోస్తే గండం గడిచిపోతుంది. ఆ పిల్ల వైపు చూస్తే తలుపు వారన నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది. కోసేది నేనే అయినా, నన్ను ఆ చేలోకి తీసుకొచ్చింది ఆ పిల్లే అవుతుంది, రేపు నేను పట్నంలో ఉంటాను, ఆ ఊళ్ళో తిరగాల్సింది తను. కొడవలి వెనక్కి ఇచ్చేసి, పండగయ్యాకే వస్తామని చెప్పాను.

మా హెడ్డు గారు చెడ్డమనిషి కారు, కాకపోతే రూలంటే రూలే. మొదటి స్కాలరే రద్దయిపోతే రెండో స్కాలర్ని మీకెవరిస్తారమ్మా అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, అయినా నాకెందుకో భయం వేయలేదు, చూసొచ్చిన మనిషికి ఉండే ధైర్యం అది. కమిటీ రోజున అందరి ముందూ లేచి నిలబడి, "పంట పండింది సార్, కొత్త కాలేదు. అయ్యాక తెస్తుంది, పూచీ నాది" అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. కమిటీకి బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం నవ్వలేదు, ఆ కొత్త చేసే రోజు ఎలా పెడతారమ్మా అని నేరుగా ఆ పిల్లనే అడిగారు.

చేరింది మొదలు తలెత్తి మాట్లాడని పిల్ల, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అన్నిటికంటే ఆఖర్న పండే రకం కూడా పండాకే పూజారి రోజు పెడతాడనీ, అందాకా ఎవరూ కొయ్యరు కాబట్టే ఆ ఆలస్యపు రకం విత్తనం కూడా ఇంటింటా నిలుస్తోందనీ, ముందే కోసుకెళ్ళిన వాళ్ళ లెక్కల్లో ఆ రకం లేనే లేదనీ చెప్పింది. కమిటీ వాళ్ళు పెన్నులు తీసి రాసుకున్నారు. పండగ దాటేదాకా గడువిచ్చి, ఇదే ఒక అధ్యాయంగా రాయమన్నారు. బయటికొచ్చాక ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కొత్త రోజున నేనూ వెళ్ళాను. అడ్డాకు దొప్పలో కొత్త సామల అన్నం, కోడికూర. ఊరంతా తిన్నాక, వాళ్ళ నాన్న అందరూ చూస్తుండగా కొడవలిని ఈసారి కూతురి చేతికిచ్చాడు. ఆ పిల్ల చేలోకి దిగితే వెనక నుంచి ముసలమ్మలు ఏ మడిలో ఏ రకం ఉందో కేకేసి చెబుతున్నారు. నాకు పట్టరాని సంతోషంతో ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఎందరికో గైడునయ్యాను గానీ, ఆ రోజు తిన్నంత తృప్తిగా ఎప్పుడూ తినలేదు.

ఇప్పుడు ఆ పిల్లే ఒక గైడు. ఈ కాలం స్కాలర్లు చాలామంది ఉన్నదున్నట్టు మొహం మీదే చెప్పేస్తారు, వినకపోతే ఫిర్యాదు చేయడానికి కమిటీలున్నాయి, అది మంచిదే, మన తరం మొహమాటాలతో ఎంత నలిగిపోయిందో మనకి తెలుసు. మొన్న వానాకాలం తన శిష్యురాలిని సొంత ఊరికి తీసుకెళ్దామని, కొత్త ఎప్పుడని ముందుగా ఊళ్ళోకి ఫోన్ చేసి అడిగిందట. ఎప్పుడైనా వచ్చెయ్యమన్నారట. సామలు వేసిన మడులన్నీ కాఫీ తోటలయ్యాయి, కొన్నిట్లో టూరిస్టుల గుడారాలు లేచాయి, కొత్త నాటికి దేవతకు పెట్టే సామలు కొట్లో ప్యాకెట్టు కొంటున్నారట. కాఫీ వల్ల ఇళ్ళు బాగుపడ్డాయి, పిల్లలు చదువుకుంటున్నారు, తప్పని ఎలా అంటాను? అయినా ఆ సంగతి చెప్పుకోవడానికే తను నాకు ఫోన్ చేసింది.

"ఇప్పుడెవరూ వద్దనరండి మేడమ్," అంది, "కొయ్యడానికే ఏటీ నేదు."