తెర దించే మనిషి

ఆ నాటకశాలలో తెర లాగే ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. ముప్పై ఏళ్ల తాడు ఒరిపిడికి అరచేతులు తోలులా మొద్దుబారాయి. చివరి రంగంలో నాయిక చనిపోతుంది. ఆమె కాలి బొటనవేలు కదలడం ఆగగానే ఆయన మనసులో మూడు లెక్కపెట్టి తెర దించుతాడు. నాటకంలో తన పాత్ర ఆ మూడు అంకెలేనని ఆయన నమ్మకం.

ఈ వారం నాటకాన్ని ఒక కెమెరా తీస్తుంటే, ఆ తీయడాన్ని ఇంకో కెమెరా తీస్తోంది. ప్రయోగమట! ఆ రెండోది సరిగ్గా చివరి రంగంలో వచ్చి ఆయన కళ్లకి అడ్డంగా నిలబడింది.

"జరగండయ్యా, ఆవిడ కాలు కనపడట్లేదు!"

"మీరు మామూలుగా ఉండండి బాబాయ్. మేం లేమనుకోండి," అన్నాడు సినిమా దర్శకుడు.

చేసేది లేక అంచనా మీద దించిన తెర, ఇంకా మాట్లాడుతున్న నాయిక ముందు పడిపోయింది. జనం గొల్లున నవ్వారు. ఆయనకి ఒళ్లు మండిపోయింది. తాడు విసిరికొట్టి, "మీ మొహాలు మండ!" అని అరిచాడు.

దర్శకుడి కళ్లు మెరిశాయి. "అద్భుతం బాబాయ్! ఇంకొక్కసారి, ఇదే కోపంతో!"

ఆయన బయటికి నడిచి, గోడలు అదిరేలా తలుపు వేశాడు.

లోపల్నుంచి దర్శకుడి గొంతు వినిపించింది: "తలుపు వెయ్యడం కూడా తీశావా?"