పచ్చిక మీద మా కాక

పోయిన శుక్రవారం ఫోన్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నాలుగో అంచె లీగ్ మ్యాచ్ చూస్తుంటే, మా గదిలోకి కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియన్ పక్కన చేరాడు. "అన్నా, ఏడో నంబరోళ్లు గూడ పైకి పోయేతందుకు ఆడుడేంది?" అన్నాడు. పై మూడు జట్లు నేరుగా పై అంచెకు పోతాయి, తర్వాతి నాలుగు మిగిలిన ఒక్క చోటు కోసం తలపడతాయి, అట్టడుగున ఉన్న రెండూ కిందికి జారతాయి అని పెద్ద పండితుడిలా చెప్పాను. ఆ ముక్క తెలియకే ఒకప్పుడు మా కాక కోరికను గంగపాలు చేయబోయాం.

అప్పుడు సౌదీలో, యాన్బు లేబర్ క్యాంపులో ఉండేవాళ్లం. మా క్యాంపు బాస్ మలయాళీ. ఇంగ్లండ్ చిన్న లీగ్‌లంటే ప్రాణం పెట్టేవాడు, మా శుక్రవారం ఆటనూ అలాగే రెండు అంచెలు చేశాడు. పై అంచెకు పచ్చిక మైదానం, కింది అంచెలో ఉన్న మాకు క్యాంపు వెనక కంకర నేల. మా గోల్‌కీపర్ కాక, స్కాఫోల్డింగ్ మేస్త్రి. మోకాళ్ల చర్మం సగం ఆ కంకరకే ఇచ్చేశాడు. ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ వీసా పడింది, వారంలో జగిత్యాల వెళ్లిపోవాలి. "పోయేలోపు ఆ గడ్డి మీద ఒక్కపారి పడి బాల్ పట్టాలెరా" అనేవాడు. మేమేమో మూడో స్థానంలో ఆగిపోయాం. మొదటి జట్టే పైకి పోతుందనుకుని, కాకను సముదాయించి, శుక్రవారం మధ్యాహ్నం దావత్ పెట్టాం. బగారన్నం, మటన్. మెతుకు మిగల్చలేదు.

చేతులు కడుక్కుంటుండగా బాస్ ఊడిపడ్డాడు. "దో నంబర్, తీన్ నంబర్ కా మ్యాచ్ హై! ఘాస్ వాలే గ్రౌండ్ మే! నోటీస్ నహీ పఢా?" పైకి పోయే రెండో చోటు కోసం మాకూ బంగ్లాదేశీ జట్టుకూ ఇప్పుడే, ఆ పచ్చిక మైదానంలోనే పోటీ! నోటీసు మెస్ గోడ మీదే ఉంది. ఇంగ్లిష్‌లో ఉంది కదా అని ఎవరికి వారు పక్కవాడు చదివి ఉంటాడనుకున్నాం.

ఆట మొదలయ్యేసరికి వాళ్లు లేడిపిల్లల్లా ఉరుకుతున్నారు. మేము వంగితే మటన్ బయటికొచ్చేలా ఉన్నాం. "ఉరుకకుండ్రి! అందరు నా ముంగట నిలబడుండ్రి!" అని కాక అరిచాడు. నిలబడ్డాం, ఆట అయ్యేదాకా. ఒక్క గోలూ పడలేదు. పెనాల్టీలకు ఉరికే పని లేదు కదా, ఐదుకు ఐదూ కొట్టాం. వాళ్ల చివరి బంతికి కాక ఎడమకు దూకి, గడ్డి మీద పడి, బంతిని పొట్టకు హత్తుకున్నాడు. ఎంతకీ లేవడే! దెబ్బ తగిలిందేమోనని ఉరికితే, ముఖం పచ్చికలో పెట్టుకుని నవ్వుతున్నాడు. అందరం ఆయన మీద పడ్డాం. అంత సంతోషం నాకు ఆ దేశంలో మళ్లీ దొరకలేదు.

కాక లేకుండా పై అంచెలో ఆడి, మరుసటి ఏడే అట్టడుగుకొచ్చి మళ్లీ కంకర మీద పడ్డాం. లీగ్ పట్టిక ఏటా సున్నాతో మొదలవుతుంది గానీ, ఆ సాయంత్రం మాత్రం ఇన్నేళ్లయినా నాలో కిందికి జారలేదు.