ఆఖరి మాట కోసం ఉరి వద్దన్న పెద్దమ్మ

మా పక్క ఫ్లాట్ పెద్దమ్మ పోయిన నెల కన్నుమూసింది. రెండు రోజులు దవాఖానల ఉన్నది, అంతే. టీవీల చూసి ఆమెను తిట్టినోళ్లు మీల గూడ ఉంటరు. బిడ్డను చంపినోనికి ఉరి వద్దన్న తల్లి అంటే గుర్తుకొస్తది. అందుకే ఇది రాస్తున్న.

ఆమె బిడ్డ హైటెక్ సిటీల నౌకరి చేసేది. ఇంటికొస్తుంటే ఒకడు ఎత్తుకపోయి చంపిండు. కింది కోర్టు వానికి ఉరిశిక్ష వేసింది. ఆ రోజు మా హఫీజ్‌పేట్ అపార్ట్‌మెంట్ల మిఠాయిలు పంచిన్రు, నేనూ తిన్న. వాణ్ని ఉరి తియ్యాలనే అన్న, ఇప్పటికీ అదే అంట. పెద్దమ్మకు నా సంగతి తెలుసు. "నీ కోపం నీది బిడ్డా, ముందు చాయ్ తాగు" అనేది.

ఆమె మాత్రం హైకోర్టుల వకీలుతోని ఉరి వద్దని చెప్పిస్తనన్నది. చుట్టాలు పరేషానయిన్రు. చచ్చిన పిల్లనే అడుగుదమని ఒక ఆదివారం పొద్దున సోది చెప్పే ఆమెను తోలుకొచ్చిన్రు. చాటల బియ్యం పోసి, పక్కన పిల్ల చున్నీ పెట్టిన్రు. సోదామె కండ్లు మూసుకొని ఊగింది. ఊగంగ ఊగంగ గొంతు మారింది. అచ్చం ఆ పిల్ల గొంతే!

"అమ్మా, వాడు బతికుంటే నాకు నిమ్మళం లేదే. ఉరి తియ్యమను."

అందరం ఏడ్చినం. పెద్దమ్మ ఏడవలే. దగ్గరికి జరిగి కూసున్నది.

"సరే బిడ్డా. మరి ఆ రోజు ఆఖరుకు ఏమన్నవు? అది చెప్పు. నేనే పోయి ఉరి తియ్యమంట."

ఊగుడు ఆగిపోయింది. సోదామె కండ్లు తెరిచి చాటల బియ్యం కొంగుల మూట కట్టుకున్నది.

"చూసిన్రా? నా బిడ్డ ఆఖరి మాట విన్నది వాడొక్కడే. వాణ్ని చంపితే అది గూడ పోతది. నాకది కావాలె" అన్నది పెద్దమ్మ.

హైకోర్టు ఉరిని యావజ్జీవం చేసింది. ఈమె మాట విన్నదో, చట్టమే అట్లున్నదో నాకు తెల్వదు. చుట్టాలు రాకపోకలు బంద్ చేసిన్రు. ఆమె నెలనెలా జైలుకు ములాఖత్‌కు పోయేది. వాడొచ్చి తల వంచుకొని కూసునేటోడట. ఈమె అదే మాట అడిగేది. వాడు నోరు మెదిపేటోడు కాదు.

సాయంత్రమైతే గేటు కాడ నిలబడి, ఆఫీసు బస్సులు దిగే ఆడపిల్లలందరినీ "వచ్చినవా బిడ్డా? పోయి జర తిను" అని పలకరించేది. కొత్త పిల్లలు బెదిరిపోయేటోళ్లు. మా పిల్లకు లేటయితే నాకన్న ముందు గేటు కాడ ఉన్నది ఆమెనే. ఆ మేలు నేను మర్చిపోలేను.

ఆమె పోయినంక ఆమె ఫోన్ నా దగ్గరనే ఉన్నది. మూడోనాడు మోగింది. జైలు నుంచి. "ఈసారి చెప్తనంటున్నడు, ఆమెను రమ్మనున్రి" అన్నరు. నేనే పోయిన.

ఇనుప జాలీ అవతల వాడు నన్ను చూసి, నా వెనక చూసిండు.

"అమ్మ రాలేదా?"

"పోయిందిరా. ఇగ రాదు. నాకు చెప్పు" అన్న. వాణ్ని ఉరి తియ్యాలన్న నేనే రెండు చేతులు జోడించిన.

"ఆమెకే చెప్పాలె" అన్నడు. లేచి లోపలికి పోతుంటే వాని పెదవులు ఆగకుండ కదులుతున్నయి. మాట మాత్రం బయటికి రాలే.