మళ్ళీ మొదలైన రేసు

కలిదిండి దగ్గర మా చేపల చెరువుల గట్ల మీద, నాన్న మేత బస్తాలు తోలే పాత వ్యానుతో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. వానాకాలంలో ఆ నల్లమట్టి సబ్బులా జారుతుంది. రెండు పక్కలా నీళ్ళు. బ్రేకు గట్టిగా తొక్కితే చెరువులోకే. కాలు ఎంత మెల్లగా ఆనించాలో అక్కడే తెలిసింది. ఏలూరులో ఇంజనీరింగ్ చదువుతూ కాలేజీ తరఫున కార్టింగ్ అనే బుల్లి కార్ల పోటీలో గెలిచాక, చెన్నైలో ఒక రేసింగ్ టీమువాళ్ళు పిలిచారు. నాన్న వద్దనలేదు, సరేననీ అనలేదు. జాగ్రత్తమ్మా అన్నారు, అంతే.

అదే టీములోకి తాడేపల్లిగూడెం నుంచి ఒకతను వచ్చాడు. వాళ్ళ నాన్నగారికి లారీల కింద స్ప్రింగుల్లా ఉండే కమాను కట్టలు బిగించే షెడ్డు ఉంది. నాకంటే కాస్త పెద్దవాడే అయినా నన్ను "ఏవండీ" అనే పిలిచేవాడు. వెక్కిరింపేమో అనుకున్నాను. వాళ్ళింట్లో అందరి మాటతీరూ అంతేనని తర్వాత తెలిసింది. చెన్నై రైలు అతను గూడెంలో ఎక్కితే నేను ఏలూరులో ఎక్కేదాన్ని.

ఒక ఏడాది మొదట్లో టీము మేనేజరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. విదేశంలో పన్నెండు గంటల రేసు ఒకటుంది. ఒకే కారును ముగ్గురు వంతులవారీగా నడపాలి. ఇద్దరు సీనియర్లు ఖాయమయ్యారు, మూడో సీటు మాలో ఒకరిది. మామూలు కార్ల సిరీస్‌లోనూ, ఒంటి సీటు ఫార్ములా కార్ల సిరీస్‌లోనూ ఇద్దరం పోటీ చేయాలి. రెండింటి పాయింట్లూ కలిపి చూస్తారు.

ఎండలో అతన్ని పట్టుకోవడం నా వల్ల అయ్యేది కాదు. వాన పడితే నేనే ముందుండేదాన్ని. అలాగే ఏడాదంతా గడిచింది. తిరుగు రైల్లో మలుపుల గురించి, టైర్ల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఎవరు ముందున్నారో ఇద్దరికీ తెలుసు కనక ఆ మాట మాత్రం ఎత్తేవాళ్ళం కాదు.

చివరి రేసు కోయంబత్తూరులో. ఫార్ములా కార్లు. అప్పటికి పాయింట్లలో అతనే ముందున్నాడు. పొద్దుటి నుంచీ వాన. అతని చక్రాలు చిమ్మే నీళ్ళలో నాకు దారి కనిపించక, అతని కారు వెనకుండే ఎర్ర లైటునే చూస్తూ నడుపుతున్నాను. పొడుగాటి దారి చివర మలుపు దగ్గర నేను బ్రేకు వేశాను. ఆ లైటు మాత్రం ఆగకుండా తిన్నగా వెళ్ళిపోయింది. టైర్ల గోడకు గుద్దుకున్న చప్పుడు హెల్మెట్‌లోంచి కూడా వినబడింది.

రేసు ఆపారు. అందరం వరుసగా కార్లలోనే కూర్చున్నాం. అంబులెన్సు మా పక్కనుంచే వెళ్ళింది. స్పృహలోనే ఉన్నాడని మెకానిక్ ఒకడు చెప్పాడు. కాసేపటికి మేనేజరు వచ్చి వంగి, రేసు మళ్ళీ మొదలుపెడుతున్నారని, నడపగలవా అని అడిగాడు. తల ఊపాను.

నడిపాను. చేతులు వణకలేదు. ఎందుకు వణకలేదా అని ఇప్పటికీ అనుకుంటాను. రెండో స్థానం వచ్చింది, ఆ పాయింట్లతో సీటు నాదైంది. రేసు బట్టలతోనే ఆస్పత్రికి వెళ్తే, వెన్నెముక దెబ్బతిన్నదని, కాళ్ళు కదలడం లేదని చెప్పారు.

విదేశానికి బయల్దేరే ముందు గూడెం వెళ్ళాను. వాళ్ళమ్మగారు తలుపు తీసి వసారాలో కూర్చోబెట్టారు. అతను నిద్రపోతున్నాడన్నారు. కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అడిగారు.

"మావాణ్ణి తీసికెళ్ళాక ఆట ఆపేశారా అమ్మా?"

"లేదండీ. మళ్ళీ మొదలుపెట్టారు."

"నువ్వూ నడిపేవా?"

"నడిపానండీ."

ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళి, చాలాసేపటి దాకా బయటికి రాలేదు.

అతను లేచాక మంచం పక్కన కూర్చున్నాను. పెద్ద రేసులో బ్రేకులు అరిగిపోకుండా చివరిదాకా మిగిల్చుకోమని, దాహం వేయకముందే నీళ్ళు తాగమని చెప్పాడు. తనే వెళ్తున్నట్టు, అన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్నాడు.

ఆ రేసులో నా వంతు రెండుసార్లు నడిపాను. కారులోపల వేడి కొలిమిలా ఉంది. అతను చెప్పినట్టే చేశాను, బ్రేకులు మిగిలాయి. సాయంత్రం ఒక సీనియర్ నడుపుతుండగా గేర్‌బాక్సు విరిగింది. ఎవరి తప్పూ లేదు. కారును నెట్టుకుంటూ షెడ్డులోకి తెచ్చారు. ముగింపు గీత దాటని వాళ్ళకు ఏ స్థానమూ ఉండదు.

తిరిగొచ్చి గూడెం వెళ్ళి అంతా చెప్పాను. అతను బాగా సన్నబడ్డాడు. గేర్‌బాక్సు ఏ గేరులో పోయిందని అడిగాడు. చెప్పాను. తర్వాత పైకప్పు చూస్తూ అన్నాడు.

"ఏమీ అనుకోకండి. ఇక రాకండి. మీరొచ్చి వెళ్ళిన రోజు అమ్మ అన్నం ముట్టుకోదు."

"మీకెలా ఉంటుంది మరి?"

"నాకూ అంతేనండి," అన్నాడు.

వెళ్ళడం మానేశాను. ఫోను చేస్తే వాళ్ళ నాన్నగారు ఎత్తి, బాగానే ఉన్నాడమ్మా అని మర్యాదగా పెట్టేసేవారు. కొన్నాళ్ళకు అదీ మానేశాను. మరుసటి ఏడాది టీము మళ్ళీ పిలిస్తే వెళ్ళాను. అవే రెండు సిరీస్‌లు, మూడో సీటు కోసం ఈసారి నాకు పోటీగా బెంగళూరు అబ్బాయి. వానలో ఆ అబ్బాయి నా వెనక ఉన్నప్పుడల్లా, తిన్నగా వెళ్ళిపోయిన ఆ ఎర్ర లైటే గుర్తొచ్చి, మలుపుకి చాలా ముందే బ్రేకు వేసేదాన్ని. సీటు అతనికి వచ్చింది.