లేని హంపు

ఆ సాయంత్రం యలహంక బస్సులో అలసిపోయి జోగుతున్నాను. పక్క సీటులోని పెద్దావిడ ఉన్నట్టుండి ముందున్న కమ్మీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. కుదుపేదో వస్తోందని నేనూ పట్టుకున్నాను. ఏమీ రాలేదు. నున్నటి కొత్త తారు మీద బస్సు ఇంకా వేగం అందుకుంది.

నా ముఖం చూసి ఆవిడ చేతులు వదిలింది.

“ఈడ రోడ్డుకి అడ్డంగా హంపు ఉండె కదప్పా. రోడ్డు దాటతా ఉంటే మా చెల్లెల్ని కారు గుద్దేసె. ఆమె పోయినాక, బండ్లు నిదానంగా పోవల్లని వీధి వీధంతా ఈడ్నే ధర్నా కూర్చోని వేయించుకుంటిమి. మొన్న తారు పోసేటప్పుడు తీసేసిరి. మళ్ళా అడగల్లంటే ఓపిక ఎవురికి ఉండాది?”

తర్వాతి స్టాపులో దిగిపోయింది.

ఇప్పటికీ అక్కడ ఏ డ్రైవరూ బ్రేకు మీద కాలు పెట్టడు. నా చేతులు మాత్రం కమ్మీ మీదికి పోతాయి.