అన్నయ్య కట్టిన బెండు విమానం

నిన్న పెళ్ళిసామాన్ల కొట్టులో బాసికాలు కొంటూ, ఎప్పటి అలవాటో ఏమో, ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొట్టతను వింతగా చూసి, "థర్మోకోలండి, వాసనేం రాదండి" అన్నాడు. రాలేదు మరి. ఒకప్పుడు బాసికాలు జీలుగుబెండుతో చేసేవాళ్ళు. నీళ్ళలో పెరిగే ఆ మొక్క కాడను కోసి, ఎండబెట్టి, పైనున్న గోధుమరంగు తోలు చెక్కేస్తే లోపల తెల్లటి బెండు ఉండేది, దానికి తడిగడ్డీ ఎండిన నాచూ కలిసినట్టు ఒక చప్పటి వాసన ఉండేది. ఆ వాసనతో మా ఇల్లంతా నిండిపోయిన దసరా ఒకటుంది. దాన్ని ఎప్పుడు తలుచుకున్నా నాకు ఏడుపు రాదు, కోపమూ రాదు. తిమ్మిరెక్కిన కాలిని చేత్తో తడుముకున్నట్టు ఉంటుంది, అంతే.

తొంభైల చివర మాట. రామచంద్రపురం దగ్గర కాలువగట్టు మీద మా ఊరు. వేసవిలో కాలువ కట్టేస్తే అడుగున బురదలో పిల్లలందరం చేపలకోసం దేవులాడటం, నీళ్ళు వదిలారని కబురు రాగానే గట్టు మీద వరసగా నిలబడి ఎర్రటి కొత్తనీరు చెత్తను తోసుకుంటూ రావడం చూడటం, వానాకాలమంతా ఆరని బట్టల ముక్కవాసన, పొయ్యి దగ్గర కాల్చిన మొక్కజొన్నపొత్తులు, దసరా వచ్చేసరికి పొట్టకొచ్చిన వరిచేల మీదుగా ఇంట్లోకి వీచే తియ్యటి గాలి, ఆ గాలికి తోడు అమ్మ వేయించే బూరెల నేతివాసన, ఇదీ మా ఏడాది. నాన్నకి ఆరెకరాల చేను, అమ్మకి ఆరు పెట్టెల బొమ్మలు. చుట్టుపక్కల చాలామంది సంక్రాంతికి బొమ్మలకొలువు పెడితే మా ఇంట్లో దసరాకి పెట్టేవాళ్ళం. ఏటా ఒక్కటన్నా కొత్తబొమ్మ చేరాలని అమ్మ పట్టుదల.

మా అన్నయ్య సత్యం అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, నేను ఐదో తరగతి. వాడు పైలట్ అవుతానన్నాడు. అనడమంటే మామూలుగా కాదు, పొద్దున్నే లేచి కాలువగట్టు మీద లాకుల దాకా పరుగెత్తేవాడు, కళ్ళకి మంచిదని ఎవరో చెబితే పొన్నగంటికూర పచ్చిదే నమిలేవాడు, ఎయిర్‌ఫోర్స్ పరీక్షకి పుస్తకాలు కాకినాడ నుంచి తెప్పించుకున్నాడు. వాడిది డేగచూపు. బస్సు మలుపు తిరగ్గానే బోర్డు మీద ఏ ఊరో చదివేసేవాడు. నాన్న అయితే ఎరువుల కొట్టు దగ్గర కనబడ్డవాడికల్లా, "మావాడు విమానం నడుపుతాడండి" అని చెప్పుకునేవాడు. పరీక్ష ఇంకా రాయనేలేదు, ఆలూ లేదు చూలూ లేదు అని అమ్మ విసుక్కునేది గానీ, తనూ వినాయకుడికి మొక్కుకుంది.

తొలకరికి గడ్డిలో ఆరుద్రపురుగులు వచ్చేవి, ఎర్రటి మఖమలు ముక్కల్లా. అగ్గిపెట్టెలు పట్టుకుని పిల్లలందరం ఏరుకుంటే, అంతదూరం బోర్డు చదివే అన్నయ్యకి కాలిముందున్న పురుగు కనబడేది కాదు. "పెద్ద పైలట్‌వి బయల్దేరావు!" అని వెక్కిరించేవాళ్ళం. వాడూ నవ్వేవాడు. అది వెక్కిరింతగానే పోయింది, ఇంకోలా ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు కొత్తబొమ్మ తనే చేస్తానన్నాడు. పత్రికలో వచ్చిన యుద్ధవిమానం పటాన్ని గళ్ళకాగితం మీదకి ఎక్కించి, అసలుదానికి ఇరవయ్యో వంతు అని లెక్కగట్టి గీసుకున్నాడు. మూరన్నర పొడుగు. బాసికాలు చేసేవాళ్ళ దగ్గర బెండుకాడలు ఒక కట్ట తెచ్చాడు. వాటిని బ్లేడుతో పలకలుగా కోసి, మైదాజిగురుతో అంటించి, దారంతో బిగించి, ఆరాక గరుకుకాగితంతో రుద్దుతూంటే తెల్లటి పొడి వాడి కనుబొమల మీదా, నా జడల మీదా, చివరికి అమ్మ పెరుగుగిన్నె మీదా పడేది. రెక్కల లోపల చీపురు ఈనెలు పెట్టాడు. పైలట్ కూర్చునే చోట అద్దానికి మాత్రలపట్టీ ప్లాస్టిక్కు బుడగ, చక్రాలకి నాన్న పాతచొక్కా బొత్తాలు. రోజూ కాలేజీ నుంచి రాగానే స్కేలు పెట్టి కొలిచేవాడు, అర సెంటీమీటరు తేడా వస్తే రెక్క ఊడదీసి మళ్ళీ మొదలు. నేను దారం పట్టుకు కూర్చునేదాన్ని. మాకిద్దరికీ అంత దగ్గరతనం మళ్ళీ కుదరలేదు.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఒక పెద్ద రగడ. పైమెట్టు దేవుళ్ళది, కిందమెట్లు శెట్టీ శెట్టెమ్మలవీ, పెళ్ళివారివీ. యుద్ధవిమానాన్ని సీతారాముల పక్కన పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు. పండగకి పెద్దాపురం నుంచి వచ్చిన మా మేనత్త తీర్పు చెప్పింది: "పుష్పకం మటుకు విమానం కాదేంటొదినా? పైన వేలాడదీయండి, ఎగురుతున్నట్టుంటది." అందరికీ నచ్చింది. పైన వేలాడితే అడుగే కనబడుతుంది కాబట్టి, మనదేశం విమానాలకుండే గుండ్రటి గుర్తులు రెక్కల అడుగున వేయాలన్నాడు అన్నయ్య. చుట్టూ కాషాయం, దాని లోపల తెలుపు, మధ్యలో పచ్చ. అమ్మవారి పందిరికి రంగులేసేవాళ్ళ దగ్గర మిగిలినవి కొబ్బరిచిప్పల్లో పోయించుకొచ్చి, దుమ్ము పడుతుందని గది తలుపేసుకుని ఒక్కడే వేశాడు. ఒళ్ళంతా కిటికీ ఊచలకి వేసే వెండిరంగు. పేరంటం రోజున స్టూలెక్కి దాన్ని దూలానికి కట్టేదాకా గుడ్డ తీయనివ్వలేదు.

సాయంత్రం ఆడవాళ్ళు వచ్చారు. పసుపు రాయడం, గంధం పూయడం అయింది. చాపల మీద కూర్చున్నవాళ్ళు తలలెత్తి చూసి, "అబ్బ, ఎంత బాగా చేశాడండీ!" అంటున్నారు. ట్యూబులైటు వెలుగులో విమానం మెల్లగా తిరుగుతోంది. అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి సిగ్గుపడుతున్నాడు.

అత్తయ్య తలెత్తి చూసి, "ఏంట్రా సత్యం, ఈ రెక్కకేమో పచ్చ మధ్యలో ఉంది, ఆ రెక్కకేమో చుట్టూ ఉంది? ఇదేం ఫ్యాషన్రా!" అంది.

అందరూ నవ్వారు. అన్నయ్యా నవ్వుతూనే విమానం కిందికొచ్చి నిలబడి చూశాడు. చాలాసేపు చూశాడు.

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదత్తయ్యా," అన్నాడు.

వేళాకోళం అనుకుని ఇంకా నవ్వారు. అమ్మ నవ్వలేదు. చేతిలో తాంబూలంతో ఇచ్చే గాజుల పళ్ళెం ఉంది. దాన్ని వాడిముందు పెట్టి, మామూలు గొంతుతోనే, "ఎర్రగాజులు ఏరియ్యరా నాన్నా" అంది. వాడు గబగబా ఏరడం మొదలుపెట్టాడు, కాస్సేపటికి చెయ్యి నెమ్మదించింది, ఆగింది. అమ్మ గుప్పిట్లో వాడు పెట్టినవాటిలో ఎర్రవి ఎన్నో పచ్చవీ అన్నే ఉన్నాయి. నవ్వులు ఆగిపోయాయి. పైలట్‌కి రంగులు తెలియాలని, దీపాలు చూసి దిగాలని, ఆ గదిలో అందరికీ తెలుసు. వాడికీ తెలుసు.

ఆ తర్వాత ఏం జరగాలో అదే జరిగింది. శనగలు పంచాం. మంగళహారతి పాడారు. నేనూ గొంతు కలిపాను. నాకేమీ అనిపించలేదు, అనిపించకపోవడం చూసి భయం మాత్రం వేసింది. అన్నయ్య ప్రసాదం తిని, చెయ్యి కడుక్కుని, బయటికెళ్ళాడు.

కొలువు ఎత్తేసే రోజు ఏదో ఒక బొమ్మని పడుకోబెట్టడం ఆచారం. బొమ్మలకి ఇక నిద్రవేళ అన్నమాట. ఏటా కొండపల్లి పాపాయిని పడుకోబెట్టేది అమ్మ. ఆ ఏడు అన్నయ్యే దారం కోసి, విమానాన్ని రెండుచేతులా దించి, మెట్టు మీద పక్కకి ఒరిగించి, "దీన్ని పడుకోబెట్టమ్మా" అన్నాడు. అమ్మ దాని మీద కండువా కప్పింది.

తర్వాత నన్ను కూడా తీసుకుని కాకినాడ వెళ్ళారు. కంటిడాక్టరు రంగురంగుల చుక్కల పుస్తకం ఒక్కో పేజీ తిప్పాడు. నాకు కనబడిన అంకెలు అన్నయ్యకి కనబడలేదు. ఇంటికొచ్చేస్తామనగా నాన్న, "మందేదన్నా ఉందాండి?" అని అడిగాడు. లేదన్నాడు డాక్టరు. "ఇది తల్లి వైపు నుంచి వస్తుందండి. ఆవిడకి రంగులన్నీ తెలుస్తాయి, కొడుకులకి తెలియవు. ఈ పాప పిల్లలకి కూడా రావచ్చు." మా తాతయ్య, అంటే అమ్మ నాన్న, పచ్చికాయలూ పళ్ళూ కలిపి కోసేవాడట, తొందరమనిషి అనుకునేవారట అందరూ. అమ్మ బస్సులో నా చెయ్యి పట్టుకుంది, ఊరొచ్చేదాకా వదల్లేదు.

మరుసటేడు దసరాకి పెట్టెలు దించలేదు. నాన్న ఒకసారి అడిగాడు, "నా చేతిమీదుగా వద్దండి" అంది అమ్మ. ఆ మాట విని అన్నయ్య లోపల్నుంచి వచ్చి, "నీదేం తప్పమ్మా?" అని గట్టిగా అరిచాడు. వాడు ఆ విషయం మీద గొంతెత్తింది అదొక్కసారే. బొమ్మలు తలోటి ఎవరెవరికో పంచేశారు. విమానం అటక మీద చెదలు తినేసింది, రెక్కల్లోని ఈనెలు మిగిలాయి.

ఇప్పుడు బెండు కోసేవాళ్ళు లేరు, కాలువలో పిల్లలు దిగరు, మా వీధిలో కొలువుపెట్టే ఇల్లు ఒక్కటీ లేదు. అన్నయ్య కాలేజీలో లెక్కలు చెబుతున్నాడు, బాగానే ఉన్నాడు. నాకు ఐదేళ్ళ కొడుకు. అమ్మ ఆదివారం ఆదివారం ఫోను చేసి, వానల గురించీ, మోకాళ్ళనొప్పుల గురించీ చెప్పాక, పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడుగుతుంది.

"బాబుకి రంగులు తెలుస్తున్నాయామ్మా?"

"తెలుస్తున్నాయమ్మా" అంటాను.

వాణ్ణి నేనింకా అడగలేదు.