పోచమ్మకు పోసిన రెడ్ వైన్

ఆ రోజుల్లో వైన్ గురించి నాకు తెలిసింది దుకాణం బోర్డు ఒక్కటే. పటాన్‌చెరులో మా కిరాయి గది ఎదురుగా పెద్ద అక్షరాలతో 'వైన్స్' అని ఉండేది. లోపల బీరు, విస్కీ, రమ్ము అన్నీ దొరికేవి, వైన్ తప్ప. అప్పుడు నేను కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కెమిస్టును. ఇవాళో రేపో పర్మినెంట్ చేస్తారని చకోరపక్షిలా ఎదురుచూస్తుండేవాణ్ణి (దానికి వెన్నెలైనా దొరుకుతుంది). వైన్ పాఠం నాకు మొదట చెప్పింది మా ప్లాంటు సారు. నిప్పుల మీద కాల్చిన మాంసానికి మంచి ఘాటైన రెడ్ వైనే జోడీ అట. ఆ పొగకీ కొవ్వుకీ ఎదురు నిలవాలంటే అంత వగరూ ఉండాలట. నేను తలూపాను. పర్మినెంట్ కావలసినవాడు దేనికైనా తలూపుతాడు.

అమీన్‌పూర్‌లో కట్టుకున్న కొత్త ఇంట్లో సారు ఒక ఆదివారం మధ్యాహ్నం బార్బెక్యూ పెట్టాడు. డైరెక్టర్ గారు వస్తున్నారని, ఆయన ఊ అంటే నా ఉద్యోగం ఖాయమని చెప్పి, మాంసం కాల్చడానికి మంచి మనిషిని తెమ్మన్నాడు. మా మేనమామను తీసుకెళ్లాను. మా ఊళ్లో ఏ పండుగైనా నిప్పుల దగ్గర ఆయనే ఉండాలి. సారు విదేశం నుంచి తెప్పించిన సీసా మూత తీసి, వైనుకు కాసేపు గాలి తగలాలంటూ పొయ్యి పక్కన బల్ల మీద పెట్టి, అతిథుల దగ్గరికి వెళ్లాడు. నేను పళ్లేలు తేవడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి మామ చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, పొయ్యి చుట్టూ వైన్ ధార పోస్తున్నాడు. పోచమ్మకు సాక. మా వైపు అమ్మవారికి కల్లో సారానో నేల మీద పోయనిదే నిప్పుల మీద కాల్చిన మాంసం ఎవరూ ముట్టరు.

"ఏం జేస్తున్నవ్ మామా?" అన్నాను, సీసా అందుకుంటూ.

"మూత దీసి పొయ్యి కాడ వెట్టిండు గదరా మీ సారు. సాకకే అనుకున్న. నీ నౌకరి గురించి గూడ మొక్కిన," అన్నాడు.

అడుగున మిగిలింది డైరెక్టర్ గారికి ఒక గుక్క. సారు నవ్వుతూనే, వీళ్లకు కల్లుకీ దీనికీ తేడా తెలియదని, ఇలాంటివాళ్లను పైకి తేవడం తన వల్ల కాదని ఇంగ్లీషులో అన్నాడు. అందరూ నవ్వారు. తనను మెచ్చుకుంటున్నారనుకుని మామ కూడా నవ్వి, బాగా కాలిన ముక్క ఏరి మొదట సారు పళ్లెంలోనే వేశాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. బండి మీద వస్తుంటే సారు ఏమన్నాడని మామ అడిగాడు. నీ చేతి రుచి ఎక్కడా లేదన్నాడని చెప్పాను.

పర్మినెంట్ కాలేదు. కొన్నాళ్లకు ఆ కాంట్రాక్టూ పోయింది. ఇప్పుడు వేరే కంపెనీ, వేరే సారు, అదే కాంట్రాక్టు. మొన్న ఒక స్నేహితుడి విందులో కాల్చిన మాంసంతో ఆ రకం వైన్ మొదటిసారి తాగాను. జోడీ నిజంగానే బాగుంది. సారు నాకు చెప్పిన మాటల్లో నిజమైంది అదొక్కటే.

మామ మాత్రం నేను ఊరికి వెళ్లినప్పుడల్లా అడుగుతాడు.

"ఏమాయెరా నీ పర్మినెంటు? గంత ఖరీదు సాక వోస్తిమి. అమ్మకు నిషా ఇంక దిగలేదేమో."

దిగలేదనే చెబుతాను. అది దిగే రోజు కోసం, జుట్టంతా రాలి బట్టతల వచ్చినా నేనింకా ఎదురుచూస్తున్నానే అనుకుంటే నాకే నవ్వొస్తుంది.